హాలు కూడా వాద్యమే

*న్యూయార్కులో ఓ సంగీత మందిరాన్ని అరవై ఏళ్లలో రెండుసార్లు లోపలంతా పడగొట్టి మళ్లీ కట్టారు. రెండోసారి పని పూర్తయ్యేసరికి ఐదువందలకు పైగా సీట్లు తగ్గాయి. పాట బాగా వినపడడానికీ సీట్ల లెక్కకూ మధ్య ఉన్న ఈ తగవు ఆ ఊరికి మాత్రమే చెందింది కాదు.*

అర్ధరాత్రి. బోస్టన్‌ను ఆనుకుని ఉన్న కేంబ్రిడ్జి పట్టణంలో ట్రాముల రొద ఆగిపోయింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని శాండర్స్ థియేటర్ నుంచి కొందరు కుర్రాళ్లు సీట్ల మెత్తలు భుజాన వేసుకుని దగ్గర్లోనే ఉన్న ఫాగ్ మ్యూజియంలోకి మోస్తున్నారు. అక్కడి ఉపన్యాసాల హాల్లో వాటిని వరసగా పరుస్తున్నారు. ఇరవయ్యేడేళ్ల భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సెబైన్ ఒక ఆర్గన్ గొట్టాన్ని మోగిస్తాడు, ఠక్కున ఆపేస్తాడు. గొట్టం ఆగినా మోత ఆగదు. అది సన్నగిల్లి సన్నగిల్లి చెవికి అందకుండా పోయేదాకా ఊపిరి బిగబట్టి వింటాడు, ఎంతసేపు పట్టిందో రాసుకుంటాడు. ఇంకొన్ని మెత్తలు తెప్పిస్తాడు. మళ్లీ గొట్టం, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ ఓ అంకె. తెల్లవారేలోగా మెత్తలన్నీ తిరిగి శాండర్స్ సీట్ల మీదికి చేరిపోవాలి.

1895లో మొదలైన ఈ రాత్రిపనికి మూలం ఓ మామూలు ఫిర్యాదు. కొత్తగా కట్టిన ఫాగ్ హాల్లో పాఠం ఎవరికీ అర్థం కావడం లేదు. నోట్లోంచి వచ్చిన మాట ఐదున్నర సెకన్లపాటు గోడల మధ్యే తిరుగుతూ ఉండేది. నింపాదిగా మాట్లాడే మనిషి కూడా ఆలోగా మరో పన్నెండు, పదిహేను అక్షరాలు పలికేస్తాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయేవి. దీన్ని బాగుచేయమని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ సెబైన్‌కు అప్పగించాడు. అప్పటికి హాళ్ల నిర్మాణంలో శబ్దం సంగతి నమ్మకాల మీద నడిచేది. పొడవు, వెడల్పుల మధ్య ఫలానా నిష్పత్తి ఉంటే శుభమనేవారు కొందరు. హాలుకు అడ్డంగా తీగలు కడితే మోత తగ్గుతుందని కట్టించేవారు ఇంకొందరు. కొత్త హాలు బాగా పలికితే అదృష్టం, పలక్కపోతే కర్మ.

తెరిచిన కిటికీతో కొలిచాడు

సెబైన్ ఎంచుకున్న కొలమానం చాలా అందమైనది. తెరిచిన కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగిరాదు. కాబట్టి ఒక మెత్త, ఒక తివాచీ, కుర్చీలో కూర్చున్న ఒక మనిషి ఎంత వైశాల్యమున్న తెరిచిన కిటికీకి సమానమో లెక్కగట్టాడు. ఎంత పట్టుదల మనిషంటే, తాను వేసుకున్న బట్టలు కూడా శబ్దాన్ని తాగుతున్నాయని మధ్యలో గ్రహించి, వేరువేరు దుస్తుల్లో తీసుకున్న వేలాది కొలతలను అవతల పారేసి, అప్పటినుంచి ప్రతి ప్రయోగానికీ ఒకే కోటు, ఒకే ప్యాంటు, ఒకే బూట్లతో వెళ్లాడు. మూడేళ్లు గడిచాయి. 1898 అక్టోబరు చివర్లో ఓ రాత్రి ఆ అంకెలన్నీ ఒక వక్రరేఖలో ఇమిడిపోవడం చూసి సంతోషం పట్టలేక ముందుగా తల్లికే చెప్పాడంటారు. తేలిన సంగతి ఇది: ఊదడం ఆపాక మిగిలే మోత, అంటే అనురణనం, గది ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. గదిలో శబ్దాన్ని పీల్చే వస్తువులను బట్టి తగ్గుతుంది. ఒక్క ఇటుక కూడా పెట్టకముందే ఒక హాలు ఎలా మోగుతుందో కాగితం మీద చెప్పగలగడం చరిత్రలో అదే మొదటిసారి.

ఆ సమయానికే బోస్టన్ సింఫనీ వాద్యబృందం వ్యవస్థాపకుడు హెన్రీ లీ హిగ్గిన్సన్ కొత్త మందిరం కట్టించే పనిలో ఉన్నాడు. వాస్తుశిల్పులు మెకిమ్, మీడ్ అండ్ వైట్ మొదట గ్రీకు రంగస్థలంలాంటి అర్ధచంద్రాకారం గీశారు. దాన్ని పక్కనపెట్టి, జర్మనీలోని లీప్‌జిగ్ నగరంలో 1884లో కట్టిన గెవాండ్‌హౌస్ తరహాలో పొడవాటి, ఇరుకైన, ఎత్తయిన హాలు కట్టాలనుకున్నారు. సెబైన్ లెక్కలు వేసి కొలతలు సరిచేశాడు. 1900 అక్టోబరు 15న సింఫనీ హాల్ తలుపులు తెరిచారు. వెంటనే జేజేలు పలికారనుకుంటే పొరపాటు. పత్రికల్లో పెదవి విరుపులు వచ్చాయి. అవి సెబైన్‌ను బాధపెట్టాయి. ఏళ్లు గడిచేకొద్దీ ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన సంగీత దర్శకులు అక్కడ వాయించి వెళ్లాక, అమెరికాలో దానికి సాటి లేదన్న పేరు స్థిరపడింది.

> ■ మోతకూ ఓ లెక్క
> హాలు ఘనపరిమాణాన్ని (ఘనపు మీటర్లలో) 0.161తో గుణించి, లోపలున్న మొత్తం ‘తెరిచిన కిటికీ’ వైశాల్యంతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. బోస్టన్ హాలు సుమారు 18,750 ఘనపు మీటర్లు. నిండా జనం ఉన్నప్పుడు మోత దాదాపు 1.9 సెకన్లు. అంటే అందులోని మనుషులు, కుర్చీలు, గోడలు అన్నీ కలిసి దాదాపు 1,590 చదరపు మీటర్ల తెరిచిన కిటికీకి సమానం.
> ఉపన్యాసానికి, నాటకానికి ఒక సెకను చుట్టుపక్కల చాలు. ఒపేరాకు 1.3 నుంచి 1.6. పెద్ద సింఫనీ బృందానికి 1.8 నుంచి 2.2. చర్చిలోని ఆర్గన్ సంగీతానికి ఇంకా ఎక్కువ.

అంకె తప్పింది, హాలు నెగ్గింది

ఇక్కడ చాలామంది దాటేసే ఓ చిక్కు ఉంది. సెబైన్ వేసిన లెక్క ప్రకారం బోస్టన్ హాల్లో మోత 2.31 సెకన్లు ఉండాలి. నిజంగా కొలిస్తే 1.9 దగ్గర తేలింది. సూత్రం తప్పు కాదు. మనుషులతో నిండిన సీట్లు ఎంత శబ్దాన్ని పీలుస్తాయన్న అంచనా తక్కువగా పడింది. అంకె తప్పినా హాలు ఎలా నెగ్గింది? సెకన్లు ఒక్కటే హాలును నిర్ణయించవు గనుక. లీప్‌జిగ్ నుంచి అరువు తెచ్చుకున్న ఆ ఆకారంలో సెబైన్ సూత్రానికి అందని మేలు ఏదో ఉంది. ఆ మేలుకు మూలపుటమ్మ లాంటి హాలు వియన్నాలోని మ్యూజిక్‌ఫెరైన్. థియోఫిల్ హాన్సెన్ గీసిన ఆ బంగారు హాలు 1870 జనవరిలో మొదలైంది. పొడవు 48.8 మీటర్లు, వెడల్పు 19.1 మీటర్లు, ఎత్తు 17.75 మీటర్లు. చెప్పుల డబ్బా ఆకారం. అప్పటికి హాళ్ల ధ్వనిశాస్త్రం పుట్టనేలేదు. అయినా నూటయాభై ఏళ్లుగా వాద్యకారులు దాన్ని తమ వాద్యాలంత ప్రేమగా చూసుకుంటున్నారు.

ఆ మేలు ఏమిటో తెలియడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. న్యూజీలాండ్ వాస్తుశిల్పి హెరాల్డ్ మార్షల్ ఒక సంగతి ఎత్తిచూపాడు. వేదిక మీది శబ్దం నేరుగా వచ్చి చెవిని తాకాక, పక్క గోడల నుంచి తిరిగివచ్చే శబ్దం దాని వెన్నంటే రావాలి. పై కప్పు నుంచి వచ్చేది రెండు చెవులకూ ఒకేలా వస్తుంది. పక్క నుంచి వచ్చేది కుడిచెవికి ఒకలా, ఎడమచెవికి ఒకలా చేరుతుంది. ఆ చిన్న తేడా వల్లే మన చుట్టూ సంగీతం ఉన్నట్టు, అందులో మనం మునిగి ఉన్నట్టు అనిపిస్తుంది. ఇరుకైన హాల్లో పక్క గోడలు దగ్గర కాబట్టి ఈ పని తనంతట తానే జరుగుతుంది. వియన్నాలో గోడల పొడవునా నిలబడ్డ బంగారు స్త్రీమూర్తులు, బోస్టన్‌లో గూళ్లలో పెట్టిన పదహారు గ్రీకు, రోమన్ విగ్రహాలు చూసి అవి సంపన్నుల ఆర్భాటం అనుకుంటాం. కానీ నున్నటి గోడ శబ్దాన్ని అద్దంలా ఒకే దిక్కుకు విసిరికొడుతుంది. ఎగుడుదిగుడు గోడ దాన్ని నలుదిక్కులకూ చల్లుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో అలంకారం వద్దన్న వాస్తుశిల్పులు గోడలు నున్నగా చేసినప్పుడు, తమకు తెలియకుండానే ఈ చల్లే పనిని కూడా చెరిపేశారు.

> ■ గోల్కొండ చప్పట్లు
> ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కిలోమీటరు దూరంలో, కొండ మీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. బీజాపూర్ గోల్ గుంబజ్‌లో ఓ చిన్న శబ్దం పదేపదే మారుమోగుతుంది. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన సి.వి.రామన్ ఇలాంటి గుసగుసల మండపాల మీద పరిశోధన చేశాడు. లండన్ సెయింట్ పాల్స్ గుమ్మటం గురించి వ్యాసం కూడా రాశాడు.
> సందర్శకులు ముచ్చటపడే ఈ గుణమే కచేరీ హాలుకు శత్రువు. వంపు తిరిగిన గోడ, గుమ్మటం శబ్దాన్ని ఒకచోటికి పోగుచేస్తాయి. ఆ చోటున్నవాడికి రెండుసార్లు వినపడుతుంది, పక్కవాడికి ఏమీ వినపడదు. కోడిగుడ్డు ఆకారంలో గుమ్మటంతో కట్టిన లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు 1871లో ప్రారంభమైన రోజే యువరాజు ప్రసంగం ప్రతిధ్వనించింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1969లో, కప్పు నుంచి 135 ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీస్తే గానీ ఆ జబ్బు చాలావరకు కుదరలేదు.

యాభై నాలుగు హాళ్లు చదివిన మనిషి

ఇంత తెలిశాక కొత్త హాళ్లన్నీ బాగుండాలి కదా. ఉండలేదు. అందుకు పెద్ద సాక్ష్యం న్యూయార్కు లింకన్ సెంటర్. అక్కడి ఫిల్‌హార్మోనిక్ హాలుకు ధ్వని సలహాదారు లియో బెరనెక్. ప్రపంచంలోని 54 సంగీత మందిరాలను కొలిచి, సంగీత దర్శకులను, విమర్శకులను కూర్చోబెట్టి అడిగి, 1962లో పెద్ద పుస్తకం తెచ్చినవాడు. ఆ కాలంలో ఈ విద్యలో ఆయనకు మించినవాడు లేడు. ఆయన మొదట చెప్పింది 2,400 సీట్లున్న, చెప్పుల డబ్బాకు దగ్గరి ఆకారం. ఇంతలో ‘ఇంత పెద్ద నగరానికి అన్నే సీట్లా?’ అంటూ ఓ పత్రిక గొడవ లేవదీసింది. పెద్దలు లొంగిపోయారు. సీట్లు 2,600 దాటాయి. అవి పట్టడానికి పక్క గోడలు వంపు తిరిగాయి, బాల్కనీల తీరు మారింది. ఖర్చు తగ్గించాలని గోడల మీది ఎగుడుదిగుళ్లు కూడా తగ్గించారు.

1962 సెప్టెంబరు 23న లెనార్డ్ బెర్న్‌స్టైన్ సంగీత దర్శకత్వంలో ప్రారంభ కచేరీ జరిగింది. అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెనెడీ వచ్చింది. దేశమంతా టీవీలో చూసింది. హాల్లో కూర్చున్నవారికి మాత్రం మంద్రస్వరాలు సరిగా వినపడలేదు. వేదిక మీది వాద్యకారులకు ఒకరి వాయింపు ఒకరికి అందలేదు. దగ్గరి ప్రతిఫలనం కోసం కప్పు కింద మేఘాల్లా వేలాడదీసిన పలకలు తారస్వరాలను కిందికి పంపాయి, మంద్రస్వరాలను పోనిచ్చాయి. దీనికి కారణం సులువే. మంద్రస్వరపు తరంగం మీటర్ల పొడవుంటుంది. చెరువులో పెద్ద అలకు చిన్న రాయి అడ్డం కానట్టే, ఆ తరంగానికి చిన్న పలక అడ్డం కాదు. తర్వాత ఏళ్ల తరబడి అతుకులు వేశారు. 1973లో దాత ఏవరీ ఫిషర్ 1.05 కోట్ల డాలర్లు ఇస్తే హాలుకు ఆయన పేరు పెట్టారు. 1976లో లోపలంతా పీకేసి, వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్, ధ్వని నిపుణుడు సిరిల్ హారిస్ చేత మళ్లీ కట్టించారు. మెరుగైంది కానీ మనసులు గెలవలేదు. అప్పుడు కూడా సీట్లు తగ్గలేదు. 2,738 ఉండేవి.

ఇంకో నాలుగు దశాబ్దాలకు మరో దాత డేవిడ్ గెఫెన్ పది కోట్ల డాలర్లు ఇచ్చాడు. పేరు మార్చడానికి ఫిషర్ కుటుంబానికి కోటిన్నర డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. మొత్తం 55 కోట్ల డాలర్ల ఖర్చుతో 2022 అక్టోబరులో హాలు మూడో జన్మ ఎత్తింది. ఈసారి వేదికను 25 అడుగులు జనం మధ్యకు జరిపారు, దాని చుట్టూ సీట్లు వేశారు, గోడలకు అలలు తిరిగిన బీచ్ చెక్క తొడిగారు. అన్నిటికన్నా ముఖ్యంగా సీట్లు 2,200కి దించారు. బెరనెక్ 2,400 అన్న రోజు నుంచి అరవై ఏళ్లు తిరిగి, దానికన్నా తక్కువ దగ్గర ఆగారు. మొదటి హాలు తెచ్చిన మచ్చను ఆయన దశాబ్దాలపాటు మోశాడు. అయితే టోక్యో ఒపేరా సిటీలో 1997లో తెరిచిన హాలుకు సలహాదారు ఆయనే. 1,632 సీట్లు, సన్నటి దీర్ఘచతురస్రం, పైన పిరమిడ్‌లాంటి కప్పు. దాన్ని ప్రపంచం మెచ్చుకుంది. 2016లో 102 ఏళ్ల వయసులో కన్నుమూసేలోగా ఆయన ఆ మెప్పు చూశాడు. న్యూయార్కులో లేనిది, టోక్యోలో దొరికింది విద్య ఒక్కటే అనలేం. టోక్యోలో ఆయన మాట చెల్లింది.

సీటు ఎందుకు శత్రువవుతుంది?

ఇక్కడే ఓ అభ్యంతరం వస్తుంది. బోస్టన్ హాల్లోనూ 2,600 పైచిలుకు సీట్లున్నాయి కదా, అదెలా బాగుంది? ఈ ప్రశ్న గట్టిదే. జవాబు బెరనెక్ పరిశోధనలోనే ఉంది. హాల్లో శబ్దాన్ని ఎక్కువగా తాగేది జనం. ఎంత తాగుతారన్నది తలల సంఖ్యను బట్టి ఉండదు, వాళ్లు కూర్చున్న నేల వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. బోస్టన్‌లో 1900 నాటి సన్నటి కుర్చీలే ఇప్పటికీ ఉన్నాయి. వరసలు ఇరుకు, మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. అందుకే అంతమంది తక్కువ జాగాలో ఇమిడారు. నేటి మనిషికి వెడల్పాటి, మెత్తటి సీటు కావాలి, కాళ్లు చాపుకునే చోటు కావాలి. అదే సంఖ్యను సుఖంగా కూర్చోబెట్టాలంటే నేల పెరుగుతుంది. నేలతోపాటు శబ్దాన్ని తాగే వైశాల్యం పెరుగుతుంది. దానికి విరుగుడుగా కప్పు పైకి లేపాలి. గోడలు దూరమవుతాయి, పక్కల నుంచి రావాల్సిన శబ్దం ఆలస్యంగా, బలహీనంగా వస్తుంది. వాద్యబృందం బలం మాత్రం పెరగదు. వంద మంది వాయించేది వంద మంది వాయింపే. సీట్లు పెంచితే చివరి వరసవారికి అందేది పలచనే.

సిడ్నీ ఒపేరా హౌస్ దీనికి మరో రుజువు. తెరచాపల్లాంటి ఆ పెంకులను లోకమంతా గుర్తుపడుతుంది. లోపలి సంగతి వేరు. పెద్ద హాలు ఒపేరాకూ కచేరీలకూ రెంటికీ పనికిరావాలన్నారు, పైగా 2,800 సీట్లు కావాలన్నారు. 1957లో నమూనాల పోటీ నెగ్గిన వాస్తుశిల్పి యాన్ ఉట్జన్ 1966లో తప్పుకున్నాక, పెద్ద హాలును కచేరీలకే కేటాయించి ఒపేరాను చిన్న హాలుకు పంపారు. 1973లో తెరిచిన ఆ కచేరీ హాలు కప్పు వేదికకు పాతిక మీటర్ల ఎత్తున ఉండేది. వాద్యకారులు ఒకరినొకరు వినలేక దాదాపు యాభై ఏళ్లు ఇబ్బందిపడ్డారు. 2022లో మరమ్మతు చేసి, వేదిక పైన పూరేకుల్లాంటి పలకలు అమర్చాక ఊరట దొరికింది.

పాత పెట్టెకే కట్టుబడాలా?

కొత్త ఆకారాలు వద్దని, 1870 నాటి పెట్టెనే నకలు తీయాలని ఈ వాదనను అర్థం చేసుకునేవారుంటారు. అది సరికాదు. బెర్లిన్ చూడండి. 1963లో హాన్స్ షారూన్ కట్టిన ఫిల్‌హార్మోనీలో వాద్యబృందం మధ్యలో ఉంటుంది. చుట్టూ కొండవాలు మీది ద్రాక్షతోటలా సీట్ల మడులు అంచెలంచెలుగా లేస్తాయి. ధ్వని నిపుణుడు లోథర్ క్రేమర్‌కు మొదట ఈ ఆలోచన నచ్చలేదు. గొంతు, వాద్యం ఒకవైపుకు తిరిగి పలుకుతాయి, వెనక కూర్చున్నవాడి గతేమిటన్నది ఆయన బెంగ. చివరికి ఇద్దరూ కలిసి దారి కనిపెట్టారు. ఒక్కో మడికి పొట్టి గోడ ఉంది. ఆ గోడే పక్క మడివారికి వియన్నా గోడ చేసే పని చేస్తుంది. కప్పు గుడారంలా కిందికి ఉబ్బి శబ్దాన్ని చెదరగొడుతుంది. రెండువేలకు పైగా సీట్లున్నా, చుట్టూ కూర్చోవడం వల్ల ఎవరూ వేదికకు మరీ దూరం కారు. కొత్త ఆకారం నెగ్గిందంటే చెవికి కావలసినదాన్ని వేరే దారిలో తెచ్చింది గనుక. 1986లో టోక్యో సుంటోరి హాల్‌ను 2,006 సీట్లతో ఇదే బాణీలో కట్టారు.

అయినా క్రేమర్ బెంగ ఉత్తది కాదు. హాంబర్గ్‌లో ఎల్బ్‌ఫిల్‌హార్మోనీ 2017 జనవరిలో తెరుచుకుంది. మొదట 7.7 కోట్ల యూరోలు అనుకున్నది 86.6 కోట్లకు చేరింది. నౌకల రొద రాకుండా హాలు మొత్తాన్ని స్ప్రింగుల మీద నిలబెట్టారు. దేనికదే వేరుగా చెక్కిన సుమారు పదివేల జిప్సం పలకలు గోడలకు తొడిగారు. వాద్యబృందం వినడానికి అద్భుతం. కానీ 2019 జనవరిలో గాయకుడు యోనాస్ కాఫ్‌మన్ స్వరకర్త మాలర్ సంగీతం పాడుతుండగా, ఆయన వీపు వైపు కూర్చున్న కొందరు వినపడడం లేదని కచేరీ మధ్యలోనే గొంతెత్తారు. వయొలిన్ నలువైపులా కొంత పలుకుతుంది, మనిషి గొంతు ముందుకే పలుకుతుంది. చుట్టూ సీట్లు వేసే పద్ధతిలో గాత్ర కచేరీకి ఉన్న ఈ లోటును డబ్బుతో పూడ్చలేం.

మైకు ఉంది కదా?

మనవాళ్ల నుంచి మొదట వచ్చే ప్రశ్న ఇదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మైకు రావడం వల్లే వీణలాంటి మెత్తని వాద్యం వేలమందికి వినపడింది. గావుకేక లేకుండా సన్నని గమకం పలికే గొంతులు పెద్ద సభలకు చేరాయి. అంతకుముందు పద్యనాటకాల నటులు, హరిదాసులు చివరి వరసకు అందాలని తారస్థాయిలోనే పాడాల్సి వచ్చేది. అది ఒక అందమైతే, దానివల్ల దక్కకుండా పోయిన అందాలూ ఉన్నాయి. కానీ మైకు చేయలేని పని ఒకటుంది. మోత ఎక్కువున్న హాల్లో పాట ముద్దయిపోతుంటే స్పీకరు శబ్దం పెంచుతాం. పాటతోపాటు మోత కూడా అంతే పెరుగుతుంది. రెంటి నిష్పత్తి మారదు. గోల పెరుగుతుంది, స్పష్టత పెరగదు. నున్నటి రాతి నేల, అద్దాల గోడలు, ఎత్తయిన కప్పు ఉన్న ఫంక్షన్ హాళ్లలో చెవులు గింగురుమంటున్నా సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాకపోవడానికి కారణం అదే. వేదిక మీది వాళ్లు తమ గొంతు తమకు వినపడక ఇంకో స్పీకరు అడుగుతారు, మృదంగం దాన్ని మించాలని చూస్తుంది.

మోత తక్కువైన హాల్లో యంత్రంతో మోత పుట్టించవచ్చనే మాట కూడా ఉంది. 1951లో తెరిచిన లండన్ రాయల్ ఫెస్టివల్ హాలు పొడిగా పలుకుతోందని 1960లలో కప్పులో మైకులు, స్పీకర్లు దాచి ఆ పని చేశారు. కొన్ని దశాబ్దాలు నడిపారు. చివరికి ఆ ఏర్పాటును పక్కనపెట్టి, హాలునే బాగుచేసి 2007లో మళ్లీ తెరిచారు.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. సీట్లు తగ్గితే టికెట్టు ధర పెరుగుతుంది, సంగీతం ఉన్నవాళ్లదే అవుతుంది అంటారు. న్యాయమైన భయమే. అయితే సీట్లు పెంచినప్పుడు ఆ పెరిగిన సీట్లు ఎక్కడ వస్తాయి? వెనకెక్కడో, బాల్కనీ కింది చీకటి గుహలో. చవక టికెట్టు కొన్నవాడికి ఊక దక్కుతుంది, గింజ ముందు వరసకే పోతుంది. కొలత కుదిరిన హాల్లో అలా కాదు. బోస్టన్ పై బాల్కనీలో చవక సీటు మంచి శ్రవణానికి పేరుమోసింది. వియన్నాలో దాదాపు మూడువందల మంది వెనక నిలబడి తక్కువ ధరకే వింటారు. ఎక్కువమందికి అందించాలంటే అదే కచేరీ రెండు రోజులు పెట్టవచ్చు. పాడైన హాల్లో కచేరీ రెండు రోజులు పెట్టినా అది పాడైన హాలే.

ముంబయిలో అదే జంట

ఈ వాదనకు నాకు కనిపించే గట్టి సాక్ష్యం మన దేశంలోనే ఉంది. 1976లో న్యూయార్కు హాలును తిరగకట్టిన ఫిలిప్ జాన్సన్, సిరిల్ హారిస్‌ల జంటనే జంషెడ్ భాభా ముంబయికి పిలిపించాడు. నారిమన్ పాయింట్‌లోని జాతీయ ప్రదర్శన కళల కేంద్రం (ఎన్‌సీపీఏ)లో టాటా థియేటర్ కట్టడానికి. 1980లో ఇందిరా గాంధీ ప్రారంభించారు. మన సంగీతానికి దగ్గరితనం ముఖ్యమని, మైకు లేకుండా సితారు, గాత్రం చివరి సీటుకు చేరాలని కోరారు. సీట్లు సుమారు 1,010. అదే వాస్తుశిల్పి, అదే ధ్వని నిపుణుడు, నాలుగేళ్ల తేడా. 2,738 సీట్ల హాలును పడగొట్టి మళ్లీ కట్టాల్సి వచ్చింది. వెయ్యి సీట్లది నిలిచింది. రెండు సంగీతాలు వేరు, రెండు అవసరాలు వేరు, ఒప్పుకుంటాను. అయినా హాలు ఏ సంగీతం కోసమో ముందే తేల్చుకుని, దానికి తగ్గ కొలత పెట్టుకోవడం ఎంత మేలు చేస్తుందో ఈ జంట కథలో కనిపిస్తుంది.

ఈ ఇంగితం మనకు కొత్త కాదు. నాట్యశాస్త్రం రెండో అధ్యాయం ప్రేక్షాగృహం కొలతలు చెబుతూ, మనుషుల ప్రదర్శనకు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు మించవద్దంటుంది. మూర అడుగున్నర అనుకుంటే 96 అడుగులు, 48 అడుగులు. మండపం మరీ పెద్దదైతే పలికిన మాట స్పష్టత కోల్పోతుంది, ముఖంలోని భావం కనపడదు అన్నది అది చెప్పే కారణం. కొండగుహలా ఉండాలనీ, గాలి జొరబడకూడదనీ, అప్పుడే గొంతు గంభీరంగా పలుకుతుందనీ కూడా అంటుంది. గుహ పోలికలో శాస్త్రం ఎంతన్నది అటుంచి, కొలతకు హద్దు చెవీ కన్నూ పెట్టాలన్న మాట మాత్రం న్యూయార్కు అరవై ఏళ్లకు నేర్చుకున్నదే.

స్వతంత్రం వచ్చాక మనం కట్టుకున్న కళాక్షేత్రాల పుట్టుక వేరు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా దేశంలో పలుచోట్ల రంగశాలలు లేచాయి. హైదరాబాద్ రవీంద్రభారతి 1961లో అలా వచ్చిందే. ఒక నగరానికి ఒక్క మంచి హాలు దొరికిన ఆ రోజుల్లో అది అన్నిటికీ పనికిరావాలనుకోవడం సహజం. పొద్దున సభ, మధ్యాహ్నం సన్మానం, సాయంత్రం కూచిపూడి, రాత్రి నాటకం. ఆ లేమి రోజులు పోయాయి. ఇప్పటికీ కొత్త ఆడిటోరియం ప్రకటనలో మొదటి వాక్యం ‘ఇన్ని వేలమంది కూర్చునేలా’ అనే ఉంటోంది. ఏ కళ కోసమో ఉండదు. అన్నిటికీ పనికొచ్చేలా కట్టాలంటే దారులున్నాయి. బర్మింగ్‌హామ్‌లో 1991లో, లూసర్న్‌లో 1998లో తెరిచిన హాళ్లకు పక్కన తలుపులున్న ఖాళీ గదులు కట్టారు. తలుపులు తెరిస్తే మోత పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. అంత ఖర్చు పెట్టలేనివారికి గోడల వెంట జరిగే మందపాటి తెరలు చాలు. సభకూ నాటకానికీ గోడలు కప్పాలి, వాద్య సంగీతానికి తెరవాలి. ఏసీ గాలి రొద చేయకుండా వెడల్పాటి గొట్టాల్లో మెల్లగా వచ్చేలా చూసుకోవాలి. ఇవన్నీ నమూనా గీసేటప్పుడే ఆలోచిస్తే ఖర్చు కొద్దిపాటే. కట్టాక ఆలోచిస్తే న్యూయార్కు బిల్లు.

ఇప్పటికే ఉన్న హాలు సంగతి తెలుసుకోవడానికి సెబైన్ చేసిన పనే చాలు. ఏ సంగీత సభ నిర్వాహకులైనా కచేరీకి ముందురోజు రాత్రి ఖాళీ హాల్లో మైకు, ఏసీ, పంకాలు ఆపించి, వేదిక మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి, మోత ఆగేదాకా సెకన్లు లెక్కపెట్టవచ్చు. మూడు దాటితే రేపు సాహిత్యం వినపడదు. షామియానా కొట్టు నుంచి జంపఖానాలు, పరుపులు అద్దెకు తెప్పించి వెనక గోడ మీద వేలాడదీసి, పక్కల పరిచి, మళ్లీ కొట్టి చూడాలి. సెబైన్ ఫాగ్ హాలును కూడా చివరికి అలాగే బాగుచేశాడు. మెత్తలు శాండర్స్‌కు తిరిగిచ్చేసి, వాటి బదులు గోడలకు వెంట్రుకలతో చేసిన దళసరి నమదా తగిలించాడు. ఆ హాల్లో పాఠం వినపడింది.